బడి ఆవరణలో వాతావరణ కేంద్రం: ఏది ఎక్కడ పెట్టాలి, ఎలా చదవాలి

చాలా బడుల్లో వర్షమాపకం బొమ్మ గోడమీద ఉంటుంది, వర్షమాపకం మాత్రం ఆవరణలో కనపడదు. నిజానికి దాన్ని చేసుకోవడానికి ఒక ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, గుప్పెడు సిమెంటు చాలు. 6 నుంచి 10వ తరగతి పిల్లలు, ఒక టీచరు తోడుంటే, ఏడాది పొడుగునా నడపగలిగే చిన్న కేంద్రం ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. మొదటే ఒక మాట: పరికరం ఖరీదుకన్నా దాన్ని పెట్టిన చోటు, చదివే వేళ ముఖ్యం. ఎంత మంచి డిజిటల్ థర్మామీటరైనా ఎండపడే సిమెంటు గోడకు తగిలిస్తే ఆ గోడ వేడినే చెబుతుంది.

చోటు ఎంచుకోవడం

చెట్టుగానీ గోడగానీ ఎంత ఎత్తుంటే, దానికి కనీసం రెండింతల దూరంలో వర్షమాపకం ఉండాలి. బడి భవనం 6 మీటర్ల ఎత్తయితే 12 మీటర్ల అవతల. అంతకన్నా దగ్గరైతే గాలివాటుకు వచ్చే వాన భవనానికే తగిలి ఆగిపోతుంది, లేదా చెట్టు ఆకుల చుక్కలు మాపకంలో పడతాయి. థర్మామీటర్ల పెట్టె కింద గడ్డిగానీ మట్టిగానీ ఉండాలి, సిమెంటు చప్టా వద్దు.

డాబామీద పెడితే మేకలు రావు, బంతి తగలదు అని చాలామంది అక్కడికే మొగ్గుచూపుతారు. కానీ పిట్టగోడ దాటి వచ్చే గాలి మాపకం మూతిమీదుగా ఎగిసి చినుకుల్ని పక్కకు తోసేస్తుంది. వాన తక్కువగా నమోదవుతుంది. స్లాబు వేడి థర్మామీటరును కూడా వదలదు. పట్టణాల్లో వేరే దారి లేకపోతే డాబా నట్టనడుమ పెట్టండి, ఆ సంగతి రికార్డు పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఆ పేజీలోనే ఫోన్ చూపించే అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు, చుట్టూ ఉన్న చెట్లు, గోడల దూరాలు రాసి, నాలుగు దిక్కుల ఫోటోలు అతికించండి. ఐదేళ్ల తర్వాత పక్కన కొత్త గది లేస్తుంది, వేపచెట్టు పెరుగుతుంది. అప్పుడు అంకెలెందుకు మారాయో ఆ పేజీయే చెప్పాలి.

వర్షమాపకం

రెండు లీటర్ల సీసాల్లో నడుము సన్నగా లేనిది, గోడలు నిటారుగా ఉన్నది ఎంచుకోండి. మెడ దగ్గర ఏటవాలు మొదలయ్యేచోట చుట్టూ కోయండి. పైముక్క మూత తీసేసి, తలకిందులుగా కింది ముక్కలో దించి, అంచుల్ని టేపుతో అంటించండి. అదే గరాటు. ఇది ఆవిరిని కొంత ఆపుతుంది, చెత్త పడకుండా చూస్తుంది. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి అక్కడ పల్చటి సిమెంటు ముద్ద పోసి, చదునుగా ఆరనివ్వండి. ఆరిన సిమెంటు పైమట్టమే సున్నా. అక్కడినుంచి పైకి స్కేలు అంటించండి.

సిమెంటుకు బదులు గులకరాళ్లు వేసి, వాటిపైదాకా నీళ్లుపోసి ఆ గీతను సున్నా అనుకోమని కొన్ని పుస్తకాలు చెబుతాయి. మన ఎండలకు అది నిలవదు. నాలుగు పొడిరోజుల్లో నీటిమట్టం సున్నా గీత కిందికి దిగుతుంది, ఆ తర్వాత పడిన వానలో మొదటి కొన్ని మిల్లీమీటర్లు ఆ లోటు పూడ్చడానికే పోతాయి. పుస్తకంలో అవి కనపడవు.

ఇలాంటి సీసాలో మూతి వెడల్పు, నీళ్లు నిలిచే భాగం వెడల్పు ఒకటే కాబట్టి లోతును నేరుగా మిల్లీమీటర్లలో చదవొచ్చు. బకెట్టులో నిలిచిన వానను స్కేలుతో కొలిస్తే తప్పు వచ్చేది ఇందుకే: బకెట్టు అడుగు సన్నం, మూతి వెడల్పు. పెద్ద మూతితో పట్టిన వాన చిన్న అడుగులో నిలిచి ఎక్కువ లోతు చూపిస్తుంది.

కచ్చితం కావాలంటే ఇంకో పద్ధతి మేలు. గరాటును సీసామీద బిగించి, సీసాలో చేరిన నీళ్లను మి.లీ.లలో కొలవడం. అప్పుడు సీసా ఏ ఆకారంలో ఉన్నా బెంగలేదు. గరాటు మూతి లోపలి వ్యాసం సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.0785తో గుణించండి. వచ్చినదే ఒక మిల్లీమీటరు వానకు సమానమైన మి.లీ. 15 సెం.మీ. గరాటుకు 225 × 0.0785, అంటే 17.7 మి.లీ. ఉదయం సీసాలో 212 మి.లీ. ఉంటే వాన 12 మి.మీ. గరాటు వ్యాసం సరిగ్గా 11.3 సెం.మీ. దొరికితే లెక్కే అక్కర్లేదు: 10 మి.లీ. నీళ్లు 1 మి.మీ. వాన. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజితో (సూది తీసేసి) మి.మీ.లో పదోవంతు దాకా కొలవొచ్చు. ప్రయోగశాల కొలజాడీ అయితే నీటి ఉపరితలం వంపులో అడుగుభాగాన్ని, కన్ను ఆ ఎత్తుకే వంచి చదవాలి.

మూతి నేలనుంచి 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి, మన వాతావరణ శాఖ మాపకాలకూ ఇదే ఎత్తు. ఇంకా కిందికి దించితే నేలమీద పడిన చినుకు చిట్లి లోపలికి దూకుతుంది. పైకి లేపితే గాలి జోరు పెరిగి వాన తప్పిపోతుంది. మూడు ఇటుకల మధ్య బిగించి, అంచు నాలుగువైపులా మట్టంగా ఉందో లేదో తాపీమేస్త్రీ వాడే మట్టపుగొట్టంతో చూసుకోండి. వారానికోసారి గరాటు రంధ్రంలో ఆకులు, చీమలపుట్ట మన్ను ఉన్నాయేమో చూడాలి. రంధ్రం మూసుకుపోయిన మాపకం వానలో నిండుగా నిలబడి, ఎండకు ఆవిరైపోయి, ఉదయానికి సున్నా చూపిస్తుంది.

చదవాల్సిన వేళ ఉదయం 8.30. దేశమంతటా వాతావరణ శాఖ 24 గంటల వానను ఆ వేళకే లెక్కగడుతుంది, అది గ్రీనిచ్ కాలమానంలో తెల్లవారుజామున 3 గంటలు. 14వ తేదీ సాయంత్రం పడిన వాన 15వ తేదీ ఉదయం కొలిచినప్పుడు 15వ తేదీ ఖాతాలోకే వెళుతుంది. పిల్లలు దీన్ని తప్పనుకుని వెనక్కి మారుస్తుంటారు, మార్చనివ్వకండి. వాన లేని రోజు 0 రాయాలి. కొలవని రోజు గడిలో గీత పెట్టాలి, 0 రాయకూడదు. ఆదివారం ఎవరూ రాకపోతే సోమవారం దొరికింది రెండురోజుల మొత్తం. దాన్ని సగంసగం పంచకుండా, రెండు గడుల్నీ కలిపి ఒకే అంకెగా రాయండి. నెల మొత్తానికి అది పనికొస్తుంది, రోజువారీ లెక్కకు పనికిరాదు.

24 గంటల్లో 2.5 మి.మీ.గానీ ఆపైనగానీ పడితేనే వాతావరణ శాఖ దాన్ని వానరోజుగా లెక్కిస్తుంది. 64.5 నుంచి 115.5 దాకా భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, 204.5గానీ ఆపైనగానీ అయితే అత్యంత భారీ. టీవీలో వినపడే ఈ మాటలు వర్ణనలు కావు, కొలతలు. మీ సీసాలో నిటారు భాగం 15 సెం.మీ.లే అయితే 150 మి.మీ. దగ్గర పొంగిపోతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. నమోదైంది. అలాంటి వాన ఇంటి సీసాను నాలుగుసార్లు నింపుతుంది. కుండపోత మొదలైతే మధ్యలో వీలుచూసుకుని కొలిచి, వేళ రాసి, పారబోసి, 8.30కి అన్నీ కూడండి. ఉరుములు ఉన్నంతసేపు మాత్రం బయటికి వెళ్లవద్దు.

మిల్లీమీటరు అంటే ఎంతో పిల్లలకు పట్టుబడాలంటే ఈ లెక్క చేయించండి. చదరపు మీటరుమీద 1 మి.మీ. వాన అంటే ఒక లీటరు. ఎకరం మీద సుమారు 4,047 లీటర్లు. 200 చదరపు మీటర్ల బడి డాబామీద 25 మి.మీ. పడితే 5,000 లీటర్లు గొట్టంలోంచి దిగుతుంది, మామూలు వాటర్ ట్యాంకరు నీళ్లు. ఊళ్లలో ఇంకో మంచి పని ఉంది. నిన్నటి వానకు పదునైందా, అంటే విత్తడానికి తగ్గ తడి నేలకు అందిందా అని రైతుల్ని అడిగి, పక్క గడిలో రాసుకోవడం. నల్లరేగడిలో పదునుకు ఎన్ని మి.మీ. పట్టింది, చల్కా నేలలో ఎన్ని పట్టింది అన్నది ఒక వానాకాలంలోనే తేలుతుంది.

ఉష్ణోగ్రత

కొలవాల్సింది గాలి ఉష్ణోగ్రతను. ఎండ నేరుగా పడితే థర్మామీటరు తానే వేడెక్కి ఆ వేడిని చూపిస్తుంది. అందుకే దాన్ని గాలి ఆడే తెల్లని పెట్టెలో ఉంచుతారు. స్కాట్లండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ రూపొందించిన ఈ పెట్టెకు నాలుగువైపులా ఏటవాలు రెక్కల తడకలు ఉంటాయి. గాలి దూరుతుంది, ఎండ దూరదు. వడ్రంగి చేత చేయించుకోవచ్చు. అంత వద్దనుకుంటే పూలకుండీల కింద పెట్టే తెల్లని ప్లాస్టిక్ పళ్లాలు ఎనిమిది తీసుకోండి. పైన రెండు పళ్లాలు వదిలి, మిగతా ఆరింటికీ నడుమ పెద్ద రంధ్రం కోయండి. మూడు పొడవు బోల్టులకు బోర్లించి గుచ్చి, ఒక్కో పళ్లానికి మధ్య 2 సెం.మీ. ఖాళీ ఉంచండి. థర్మామీటరు గాజుబుడ్డి లేదా సెన్సరు ఆ రంధ్రాల నడుమ వేలాడుతుంది. బుడ్డి నేలనుంచి 1.25 నుంచి 2 మీటర్ల మధ్య ఉండాలి.

చెక్కపెట్టె తలుపు ఉత్తరంవైపు పెట్టాలని ఏ పుస్తకమైనా చెబుతుంది, మనకు ఏడాదిలో ఎక్కువ కాలం సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి. కానీ మనం కర్కటరేఖకు దిగువన ఉన్నాం. హైదరాబాదులో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు, ఉదయం పూట ఈశాన్యం వైపునుంచే ఎండ వస్తుంది. ఆ నెలల్లో తలుపు తెరిచేటప్పుడు మీ నీడ థర్మామీటరుమీద పడేలా నిలబడండి.

జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. దాని స్కేలు 35 నుంచి 42 వరకే, పైగా ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపించే యూ-ఆకారపు థర్మామీటరు గానీ, అదే పనిచేసే డిజిటల్‌ది గానీ తీసుకోండి. పిల్లల చేతికిచ్చేది కాబట్టి పాదరసం లేని రకం అడగడం మంచిది. కొన్న రోజే పరీక్షించాలి: ఐసును మెత్తగా దంచి, కొద్దిగా నీళ్లు కలిపి, బుడ్డి లేదా నీళ్లు తగిలినా పాడవని సెన్సరు అందులో ముంచి, ఐదు నిమిషాలు కలుపుతూ ఉండండి. 0 చూపాలి. 0.8 చూపిస్తే ప్రతి రీడింగులోంచీ 0.8 తీసేయాలి. ఐసుముక్కలు ఎక్కువ, నీళ్లు తక్కువ ఉండాలి. కరిగిన నీళ్లలో తేలే నాలుగు ముక్కలతో చేస్తే 2, 3 డిగ్రీలు చూపి మంచి థర్మామీటరును చెడ్డదని తేల్చేస్తుంది.

చదివేటప్పుడు ముఖం మరీ దగ్గర పెట్టకుండా, ముందు దశాంశం, తర్వాత డిగ్రీలు చదవండి. నిలబడినకొద్దీ మీ ఊపిరి వేడికి మొదట మారేది దశాంశమే. ఉదయం 8.30కి చదివిన కనిష్ఠం ఈ రోజుది, గరిష్ఠం నిన్నటిది. నిన్నటి గడిలోనే రాయాలి. రాశాక, గొట్టంలో గరిష్ఠ, కనిష్ఠాల దగ్గర నిలిచిపోయిన చిన్న సూచికల్ని అయస్కాంతంతో కిందికి దించి సరిచేయడం మరిస్తే మర్నాడు అదే గరిష్ఠం మళ్లీ కనపడుతుంది. వరుసగా రెండురోజులు దశాంశంతో సహా ఒకే గరిష్ఠం ఉంటే ముందు ఇదే అనుమానించండి.

మిట్టమధ్యాహ్నం 12కి కాకుండా 2, 3 గంటల మధ్య వేడి ముదరడం ఎందుకని పిల్లలు అడుగుతారు. గాలిని ప్రధానంగా వేడెక్కించేది నేల. సూర్యుడు వాలడం మొదలయ్యాక కూడా కొంతసేపు నేలకు వచ్చే వేడి పోయే వేడికన్నా ఎక్కువే. రాత్రంతా నేల వేడిని వదులుతూనే ఉంటుంది, అందుకే కనిష్ఠం అర్ధరాత్రి కాకుండా సూర్యోదయం ప్రాంతంలో వస్తుంది. మబ్బుపట్టిన రాత్రి ఆ వేడి కొంత కిందికి తిరిగొస్తుంది కాబట్టి కనిష్ఠం అంతగా పడిపోదు. ఇది మీ పుస్తకంలోనే రుజువవుతుంది: జనవరిలో మబ్బులేని రాత్రుల కనిష్ఠాలు, మబ్బు ఉన్న రాత్రుల కనిష్ఠాలు విడివిడిగా సగటు తీయండి.

వడగాల్పులకు కూడా కొలత ఉంది. మైదానాల్లో గరిష్ఠం 40 దాటి, ఆ రోజు మామూలుగా ఉండాల్సినదానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే, లేదా తేడాతో పనిలేకుండా 45ను తాకితే వడగాల్పు. తీరంలో 37 దాటి అదే 4.5 తేడా ఉంటే చాలు. కోస్తాకు గీత ఎందుకు కిందికి దించారో చెప్పాలంటే తేమ సంగతి చూడాలి.

తేమ, ఉక్కపోత

ఒకేరకం థర్మామీటర్లు రెండు తీసుకుని, పక్కపక్కన కట్టండి. ఒకదాని బుడ్డికి పల్చని, ఉతికిన నూలుగుడ్డ చుట్టి, దాని వత్తిని చిన్న సీసాలోని నీళ్లలో ముంచండి. సీసా బుడ్డికి కాస్త పక్కగా, దిగువగా ఉండాలి. అట్టముక్కతో రెండు, మూడు నిమిషాలు విసిరి, తడి థర్మామీటరు ఇక దిగడం ఆగాక రెండూ చదవండి. నీరు ఆవిరవుతూ బుడ్డినుంచి వేడి లాక్కుంటుంది. గాలి పొడిగా ఉన్నకొద్దీ ఆవిరి ఎక్కువ, తేడా ఎక్కువ. పొడి థర్మామీటరు 30 చూపిస్తున్నప్పుడు తేడా 1 డిగ్రీ అయితే సాపేక్ష ఆర్ద్రత (ఆ వేడిలో గాలి ఉంచుకోగల ఆవిరిలో ఎంత వంతు ఉందో చెప్పే అంకె) 93 శాతం. 2కి 86, 3కి 79, 4కి 73, 5కి 67, 6కి 61, 8కి 50, 10కి 39. వేరే ఉష్ణోగ్రతలకు అంకెలు మారతాయి, ఫిజిక్స్ లాగ్ పుస్తకాల్లో పూర్తి పట్టిక ఉంటుంది.

ఈ పరికరం చెడిపోయేది దాదాపు ఎప్పుడూ నీళ్లవల్లే. బోరునీళ్లు పోస్తే అందులోని లవణాలు గుడ్డమీద పేరుకుని అట్టకడతాయి. ఆవిరి తగ్గుతుంది, తడి థర్మామీటరు ఉండాల్సినదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, గాలిలో లేని తేమ పుస్తకంలోకి ఎక్కుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి, లేదా వానమొదట్లో కాకుండా కాసేపయ్యాక శుభ్రంగా పట్టిన వాననీళ్లు. గుడ్డను రెండువారాలకోసారి మార్చండి. సీసా ఎండిపోతే రెండు థర్మామీటర్లూ ఒకటే చూపిస్తాయి. నడివేసవిలో 100 శాతం తేమ అని రాసిన పేజీ కనపడిందంటే జరిగింది అదే.

మచిలీపట్నంలో ఒక మధ్యాహ్నం పొడి 36, తడి 29 అనుకుందాం. తేమ 60 శాతం దగ్గర. రామగుండంలో పొడి 43, తడి 23 అనుకుందాం. తేమ 17 శాతమే. గడ్డిమెత్తల కూలరు గాలిని తడి థర్మామీటరు చూపే అంకె కిందికి దించలేదు. రామగుండంలో అది 43 డిగ్రీల గాలిని 23 దరిదాపుల్లోకి తేగలదు. మచిలీపట్నంలో ఎంత మంచి కూలరు పెట్టినా 29 దగ్గరే ఆగాలి, పైగా గదిలో ఉక్కపోత పెరుగుతుంది. ఒంటిమీద చెమట కూడా కూలరు సూత్రంతోనే పనిచేస్తుంది. అందుకే తీరంలో 37 డిగ్రీలే ప్రాణంమీదికి తెస్తాయి.

సాపేక్ష ఆర్ద్రత దగ్గర ఒక మెలిక ఉంది. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరులో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే ఉంచుకోగలదు, 30 డిగ్రీల గాలి 30 గ్రాములు, 40 డిగ్రీలది 51. గాలిలో ఆవిరి ఏమాత్రం మారకపోయినా, ఉదయం 90 శాతం ఉన్నది మధ్యాహ్నానికి 50కి దిగుతుంది. ఉదయం 8.30 అంకెను, మధ్యాహ్నపు అంకెను పోల్చి తేమ తగ్గిపోయిందని రాయకూడదు. ఒక రోజు అంకెను ఇంకో రోజు అదే వేళ అంకెతోనే పోల్చాలి.

గాలి ఒత్తిడి: జాడీ, బెలూన్ జోలికి వెళ్లొద్దు

గాజుజాడీ మూతికి బెలూన్ రబ్బరు బిగించి, దానిమీద స్ట్రా అంటించి బారోమీటరు అనే ప్రాజెక్టు ప్రతి సైన్స్ ఫెయిర్‌లో కనపడుతుంది. స్ట్రా కదులుతుంది, నిజమే. కానీ అది ప్రధానంగా చూపించేది ఉష్ణోగ్రత. మూసిన జాడీలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే వచ్చే ఒత్తిడి మార్పు సుమారు 3 హెక్టాపాస్కల్ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం). గది వేడి పొద్దుటికీ మధ్యాహ్నానికీ 6 డిగ్రీలు మారితే అది 20 దాకా అవుతుంది, బయట వాయుగుండం వచ్చినా అంత తేడా రాకపోవచ్చు. రబ్బరు కొన్ని రోజుల్లో గాలి వదిలేస్తుంది కూడా. ప్రాజెక్టుగా చూపించండి, రికార్డు మాత్రం దానితో రాయకండి.

చాలా స్మార్ట్‌ఫోన్లలో బారోమీటరు సెన్సరు ఉంటుంది, దాన్ని చదివే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. సముద్రమట్టం దగ్గర సగటు ఒత్తిడి 1013 హెక్టాపాస్కల్. నేలకు దగ్గరలో ప్రతి 8, 9 మీటర్ల ఎత్తుకు ఒకటి తగ్గుతుంది. అందుకే హైదరాబాదులో ఫోన్ 950 ప్రాంతంలో చూపిస్తుంది. అది తుఫాను గుర్తు కాదు, ఊరి ఎత్తు. వాతావరణ యాప్‌లు చెప్పేది సముద్రమట్టానికి సరిచేసిన అంకె, రెండూ కలపకండి. ఫోన్ రోజూ ఒకే గదిలో, ఒకే బల్లమీద ఉండాలి. మూడో అంతస్తుకు తీసుకెళితే అంకె ఒకటి తగ్గుతుంది.

ఇంకో తిరకాసు. మన ప్రాంతంలో ఒత్తిడి రోజూ ఉదయం, రాత్రి 10 గంటల ప్రాంతంలో పెరిగి, తెల్లవారుజాము, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తగ్గుతుంది. ఎత్తుపల్లాల మధ్య తేడా 3, 4 హెక్టాపాస్కల్ ఉంటుంది. ఉదయం 10కి, సాయంత్రం 4కి చదివిన పిల్లలు రోజూ అల్పపీడనం వస్తోందనుకుంటారు. నిన్న ఇదే వేళకు ఎంతుందో దానితోనే పోల్చండి. దానికన్నా 3, 4 తగ్గిందంటే అప్పుడు బంగాళాఖాతం వైపు చూడాలి.

గాలి దిక్కు

గాలికి పేరు అది వచ్చే దిక్కునుబట్టి. నైరుతి రుతుపవనం నైరుతినుంచి వస్తుంది. గాలిసూచిక బాణం తోక వెడల్పుగా, తల సన్నగా ఉండాలి, అప్పుడు గాలి తోకను వెనక్కి నెట్టి తలను తాను వచ్చే దిక్కుకు తిప్పుతుంది. ఇరుసు మేకు బాణం బరువు సరిసమానమయ్యే చోట ఉండాలి, నడుమ కాదు. తల, తోక ఒకే వెడల్పున్న బాణం ఎటు తిరగాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది.

ఉత్తరం కోసం ఫోన్ దిక్సూచిని నమ్మొద్దు, స్లాబులో ఇనుపకడ్డీలు దాన్ని పక్కకు లాగుతాయి. గుడులకు దిక్కులు చూసే పాత శంకువు పద్ధతి ఉంది. చదును నేలలో నిట్టనిలువుగా ఒక కర్ర పాతి, దాన్ని కేంద్రంగా తీసుకుని వృత్తం గీయండి. పొద్దున నీడకొన వృత్తాన్ని తాకినచోట ఒక గుర్తు, మధ్యాహ్నం మళ్లీ తాకినచోట ఒక గుర్తు. రెండు గుర్తుల్నీ కలిపే గీత తూర్పుపడమరలు. దాని నడిబిందువునుంచి కర్రకు గీసిన గీత ఉత్తరదక్షిణాలు. భారత కాలమానపు రేఖ 82.5 డిగ్రీలు కాకినాడ దగ్గరగా పోతుంది, అక్కడ మిట్టమధ్యాహ్నం గడియారంలో 12కి అటూఇటూ. హైదరాబాదులో పావుగంట ఆలస్యం.

వేగానికి పరికరం లేకపోతే చెట్లు చాలు. ఆకులు గలగలలాడితే గంటకు 6 నుంచి 11 కి.మీ. దుమ్ము, కాగితాలు లేస్తే 20 నుంచి 28. గొడుగు పట్టలేకపోతే 39 నుంచి 49. కొమ్మలు విరిగితే 62 నుంచి 74. వాయుగుండం తుఫానుగా పేరు మార్చుకునేది కూడా 62 దగ్గరే.

తీరంలోని బడులకు ఒక అదనపు సూత్రం: గాలికి వీపుపెట్టి నిలబడండి. అల్పపీడనం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. భూమి తిరగడంవల్ల ఉత్తరార్ధగోళంలో గాలి అల్పపీడనం చుట్టూ అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి ఇలా. విశాఖలో ఈశాన్యగాలి విడవకుండా వీస్తుంటే, వీపు ఈశాన్యానికి పెట్టినప్పుడు ఎడమచేయి ఆగ్నేయం, అంటే సముద్రం వైపు చూపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరందాటిన రోజు పటాలమీద ఈ సూత్రాన్ని గంటగంటకూ పెట్టిచూస్తే బాగా అర్థమవుతుంది. వేసవిలో మాత్రం తీరంవాళ్లు చూడాల్సింది సముద్రపుగాలి ఎన్నింటికి మొదలైందన్నది. పడమటిగాలి గట్టిగా ఉండి సముద్రపుగాలి ఆలస్యమైతే ఆ రోజు కోస్తా ఉడికిపోతుంది. వేళ, గరిష్ఠం పక్కపక్కన రాస్తే ఒక్క మే నెలలోనే లెక్క తేలుతుంది.

మబ్బులు, పిడుగులు

ఆకాశాన్ని ఎనిమిది భాగాలనుకుని, ఎన్ని భాగాల్లో మబ్బుందో 0 నుంచి 8 దాకా రాయండి. దూది కుప్పల్లాంటి మబ్బు పొద్దున ఉండడం మామూలే. అది మధ్యాహ్నానికి కోటలా పైకి లేచి, తల దాగలిలా పరుచుకుంటే ఉరుములమబ్బు అయింది. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే దూరం కి.మీ.లలో వస్తుంది. 30 సెకన్ల లోపే వినపడితే పక్కా భవనంలోకి వెళ్లిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంటదాకా బయటికి రాకూడదు. చెట్టుకింద నిలబడకూడదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ టీచరు ఫోన్‌లో ఉంటే ఇంకా మంచిది.

పుస్తకం, నెలసరి లెక్క, ముప్పై ఏళ్లు

రోజుకో వరుస: తేదీ, చదివినవారి పేరు, వాన, గరిష్ఠం, కనిష్ఠం, పొడి, తడి, ఒత్తిడి, గాలి దిక్కు, మబ్బు, వ్యాఖ్య. పెన్నుతోనే రాయాలి. తప్పయితే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, వైట్‌నర్ వాడొద్దు. ఇంకో గడి కార్తెకు ఇవ్వండి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు 13, 14 రోజులే కార్తె. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర 21, 22 తేదీల్లో వస్తాయి. వాన కార్తెవల్ల పడదు, కానీ పంట పనులు ఇప్పటికీ కార్తెల లెక్కలోనే నడుస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే 25 నుంచి జూన్ మొదటివారం దాకా మీ గరిష్ఠాల సగటును మే మొదటి పక్షం సగటుతో పోల్చి చూడండి, మీ ఊళ్లో ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో.

నెల చివర వాన మొత్తాన్ని జిల్లా సాధారణ వర్షపాతంతో పోల్చండి. సాధారణం 160 మి.మీ., పడింది 104 అయితే తేడా 56, అంటే 35 శాతం లోటు. మైనస్ 19 నుంచి ప్లస్ 19 శాతం వరకు సాధారణం, మైనస్ 20 నుంచి 59 వరకు లోటు, ప్లస్ 20 నుంచి 59 వరకు అధికం. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి. మీ అంకె వాటితో అచ్చంగా సరిపోవాలని ఆశించకండి. జూన్‌లో ఒక ఉరుములవాన రెండు కిలోమీటర్ల అవతలే ఆగిపోవచ్చు. నెల మొత్తంలో మాత్రం ఎప్పుడూ ఒకేవైపు, అంటే ప్రతిసారీ తక్కువగానే వస్తుంటే మాపకం చోటును అనుమానించాలి.

సాధారణం అన్న అంకె 30 ఏళ్ల సగటు, లేదా అంతకు మించిన కాలానిది. అదే శీతోష్ణస్థితి. నెల్లూరుకు అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంతోనే ఎక్కువ వాన, ఆదిలాబాదుకు జూన్, సెప్టెంబరు మధ్య నైరుతితో ఎక్కువ, అనంతపురానికి రెండూ అంతంతే. ఇవి ఒక ఏడాది చూసి చెప్పగలిగేవి కావు. 2023 ఆగస్టు దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అతి పొడి ఆగస్టు, దానికి ముందు జులైలోనే ములుగు మునిగింది. అలాగే పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో భూగోళ సగటు ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉంది. మీ బడిలో నిన్నటికీ ఇవాళ్టికీ 3 డిగ్రీల తేడా ఉంటుంది. అందుకని 1.1 చిన్నదనుకోవడం, ఒక చల్లని జనవరి చూసి వేడెక్కడం ఉత్తమాటనడం, రెండూ ఒకే పొరపాటు: రోజు లెక్కను 30 ఏళ్ల లెక్కతో కలిపేయడం.

నెలలో 11 రోజులుగానీ, వరుసగా 5 రోజులుగానీ ఉష్ణోగ్రత గడులు ఖాళీగా ఉంటే ఆ నెల సగటు తీయకండి. వాన మొత్తానికైతే ఒక్కరోజు ఖాళీ ఉన్నా పక్కన ఆ సంగతి రాయాలి. ఖాళీలు ఎక్కువగా వచ్చేది వేసవి సెలవుల్లో, సరిగ్గా గరిష్ఠాలు, తొలకరి రికార్డు చేయాల్సిన రోజుల్లో. ఏప్రిల్ రెండోవారంలోనే బడికి దగ్గర ఇళ్లున్న ముగ్గురు పిల్లల్ని, ఒక వాచ్‌మన్‌నో అటెండర్‌నో ఎంచి, వారం పాటు పక్కన నిలబడి చదివించి, వంతుల చార్టు గేటు లోపలివైపు అంటించండి. డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు, నాలుగు గుడ్డముక్కలు, అదనపు సీసా ఒకటి తాళం వేయని అలమారులో పెట్టండి.